పడవ అడిగిన నీళ్ళు

(హైదరాబాదులో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగం. రికార్డింగు నుంచి రాసుకున్న పాఠం.)

సభకు నమస్కారం. అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ "హైదరాబాదులో నిలబడి పడవల గురించి మాట్లాడే ధైర్యం ఉన్న మనిషి" అన్నారు. మెచ్చుకున్నారో చురక పెట్టారో ఇంటికెళ్ళి తేల్చుకుంటాను. (నవ్వులు) ఆయన మాటలో నిజం లేకపోలేదు. మనకు హుస్సేన్ సాగర్‌లో బుద్ధుడి దగ్గరికి వెళ్ళే బోటు తెలుసు, పిల్లల్ని తీసుకుని నాగార్జునసాగర్ వెళ్తే అక్కడి లాంచీ తెలుసు. అంతే. సముద్రమట్టానికి ఐదువందల మీటర్ల పైన, బండరాళ్ళ మధ్య కట్టుకున్న ఊరు మనది. ఊళ్ళోంచి పారే మూసీ అనంతగిరి గుట్టల్లో పుట్టి, వానాకాలం ఉరికి, ఎండాకాలం ఎండిపోయే ఏరు. సరుకుల పడవలు నడిచే నది కాదు.

అయినా ఈ ఊళ్ళో కూర్చున్న ప్రభుత్వం ఒకప్పుడు పడవల కోసం రాజ్యంలో ఒక ముక్క వదులుకుంది. అక్కడి నుంచి మొదలుపెడతాను.

1860లో నిజాం ప్రభుత్వానికీ బ్రిటిష్ వాళ్ళకూ ఒక ఒప్పందం కుదిరింది. అప్పుడు నిజాం అఫ్జలుద్దౌలా, దివాను మొదటి సాలార్‌జంగ్. 1857 తిరుగుబాటులో హైదరాబాదు తమ పక్షాన ఉన్నందుకు ఇంగ్లీషు వాళ్ళు 50 లక్షల అప్పు మాఫీ చేశారు. రాయచూరు దోఆబ్, ధారాశివ్ వెనక్కిచ్చారు. సురపురం సంస్థానం అదనంగా ఇచ్చారు. చరిత్ర పుస్తకాల్లో ఈ భాగం అందరూ చదువుతారు. దాని పక్కనే ఉన్న షరతును ఎవరూ పెద్దగా పట్టించుకోరు. గోదావరి ఎడమ ఒడ్డున నిజాంకున్న భూములు బ్రిటిష్ వాళ్ళకు ఇచ్చెయ్యాలి, గోదావరి మీద నడిచే సరుకుకు సుంకం వసూలు చెయ్యకూడదు. అలా సిరొంచ, భద్రాచలం ప్రాంతాలు చేతులు మారాయి. రాములవారు ఉన్నచోటే ఉన్నారు, సర్కారు మారింది.

నది మధ్యలో పడవ పోతుంటే రెండు ఒడ్లా ఇద్దరు దొరలుంటే వ్యాపారం సాగదు. ఒక ఒడ్డయినా చేతిలో ఉండాలి. ఇంగ్లీషు వాళ్ళ లెక్క అది. ఆ లెక్క వెనకున్న మనిషి మీకు బాగా తెలుసు, సర్ ఆర్థర్ కాటన్.

గోదావరి జిల్లాల్లో ఊరూరా కాటన్ దొర విగ్రహం ఉంటుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. ఆయన పక్కన నిలబడి కూలీలను కూడగట్టి, పని నడిపించిన వీణెం వీరన్న గారి పేరు కూడా అక్కడి వాళ్ళు మరిచిపోలేదు. డొక్కల కరువు చూసిన నేల అది. అందుకని కాటన్ అనగానే మనకు వరి చేలు గుర్తొస్తాయి. కానీ ఆయన రాసినవి చదివితే వరితో పాటు పడవలు కూడా పేజీల కొద్దీ కనిపిస్తాయి. ఈ దేశానికి రైలు కన్నా కాలువ మేలని ఆయన జీవితమంతా వాదించాడు. ముసలితనంలో కూడా 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని అదే వాదించాడు. కాలువ తవ్వితే పొలమూ పండుతుంది, సరుకూ వెళ్తుంది, రైలు సరుకు ఒక్కటే మోస్తుంది. ఆయన మాట స్థూలంగా ఇది.

ఆ వాదన పెద్ద ఎత్తున పరీక్షకు నిలిచింది పైగోదావరిలో. బేరారులో, అంటే ఇప్పటి విదర్భ వైపు, పత్తి పండుతుంది. ఆ పత్తి వార్ధా నది మీదుగా ప్రాణహితలోకి, ప్రాణహిత నుంచి గోదావరిలోకి, గోదావరిలో ధవళేశ్వరం దాకా, అక్కడి నుంచి కాలువలో కాకినాడ రేవుకు, రేవు నుంచి ఓడలో మాంచెస్టరుకు. మ్యాపు మీద గీసి చూస్తే ముచ్చటగా ఉంటుంది. దారిలో మూడుచోట్ల నది రాళ్ళ మీద నుంచి దూకుతుంది. కింది నుంచి పైకి మొదటిది దుమ్ముగూడెం, రెండోది ఇచ్చంపల్లి, మూడోది ప్రాణహిత మీద దేవలమర్రి. వాటిని ఇంజినీర్లు మొదటి, రెండో, మూడో అడ్డంకులని లెక్కపెట్టుకున్నారు. ప్రతి అడ్డంకి దగ్గరా ఆనకట్ట కట్టి, పక్కనుంచి కాలువ తవ్వి, లాకులు పెట్టి పడవను మెట్టుమెట్టుగా ఎక్కించాలని ప్లాను. పని చూసిన ఇంజినీరు హేగ్.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. అక్కడి పత్తి ఆగిపోయేసరికి మాంచెస్టరు మిల్లులకు గోదావరి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. పని తొందరగా కానివ్వమని ఒత్తిడి చేశారు. ఇక్కడ అడవిలో జ్వరాలు. కూలీలు నిలవరు, నిలిచినా కొన్ని నెలలే పని, వానలు పడితే నది ఎవరినీ దగ్గరికి రానివ్వదు. 1865లో అక్కడ యుద్ధం అయిపోయింది. 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరింది. ఇక బేరారు పత్తికి గోదావరితో పనేముంది? బొంబాయి వెళ్ళిపోయింది. 1871లో పైగోదావరి పని ఆపేశారు. మూడేళ్ళు తిరక్కుండా, 1874లో, వాడి నుంచి హైదరాబాదుకు రైలొచ్చింది.

ఇచ్చిన భూమి మాత్రం అలాగే ఉండిపోయింది. భద్రాచలం మద్రాసు వాళ్ళ గోదావరి జిల్లాలో చేరి, ఖమ్మం జిల్లాలోకి రావడానికి 1959 దాకా పట్టింది. సిరొంచ ఇప్పుడు మహారాష్ట్రలో ఉంది. ఇంకో సంగతి చెప్పాలి. 2014లో భద్రాచలం చుట్టుపక్కల మండలాలు మళ్ళీ చేతులు మారాయి, ఈసారి పోలవరం ముంపు కోసం. కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు, ఇంకా కొన్ని. గుడి తెలంగాణలో, గుడి మాన్యం ఆంధ్రప్రదేశ్‌లో పడ్డాయి. అదే నేల మీద పడవల కోసం ఒకసారి, ఆనకట్ట కోసం ఒకసారి గీత చెరిపి గీశారు. ఈ రెండింటికీ మధ్య నూటయాభై ఏళ్ళలో ఏం మారిందన్నదే నా ప్రసంగం.

మొదటిసారి నదిలో నీళ్ళు నదిలోనే కావాలన్నవాడు గెలిచాడు. రెండోసారి ఆ నీళ్ళను ఆపి పక్కకు మళ్ళించాలన్నవాడు గెలిచాడు.

ఆలోచించి చూడండి. రైతుకు నీళ్ళు పొలంలో కావాలి. నగరానికి కుళాయిలో కావాలి. ఫ్యాక్టరీకి పైపులో కావాలి. కరెంటు వాళ్ళకు టర్బైను మీద పడితే చాలు, ఆ తర్వాత ఎటుపోయినా వాళ్ళకు అక్కర్లేదు. నీళ్ళు నదిలోనే, నిండుగా, ఫలానా లోతున పారాలని కోరేవాళ్ళు ఎవరు? బెస్తవాళ్ళు కోరతారు, వాళ్ళ మాట ఏ ప్రభుత్వం విన్నది? పుష్కరాలకు పన్నెండేళ్ళకోసారి పన్నెండు రోజులు అందరం కోరతాం. ఇక మిగిలినవాడు పడవవాడు. వాడికి నది మీద భక్తి ఉండనక్కర్లేదు. పడవ అడుగు ఇసుకకు తగిలితే ఆ రోజు కిరాయి పోతుంది. అందుకే అడుగుతాడు. స్వార్థంతో అడిగే మాటకు ఉన్న బలం భక్తితో అడిగే మాటకు ఉండదు, మన దేశంలో కూడా.

రాజమండ్రి ఊరు అలాంటి వాళ్ళ మీద బతికిన ఊరు. కోటిలింగాల రేవు, పుష్కరఘాటు ఇవాళ స్నానాలకూ ఫొటోలకూ అయ్యాయి గానీ, రేవంటే అసలు సరుకు దిగే చోటు. ఏజెన్సీ నుంచి వెదురు, టేకు తెప్పలు కట్టుకుని నది మీదే వచ్చేవి. చింతపండు, కుంకుడుకాయ, తేనె పడవల్లో వచ్చేవి. పైకి ఉప్పు, బియ్యం, బట్టలు వెళ్ళేవి. దేవీపట్నం, పేరంటాలపల్లి, కొల్లూరు, కూనవరం మీదుగా భద్రాచలం దాకా లాంచీ వెళ్ళేది. భద్రాచలం దగ్గర వంతెన 1965లో వచ్చింది. దానికి ముందు ఇక్కడి నుంచి కల్యాణానికి వెళ్ళినవాళ్ళు రైలు దిగి, బస్సు దిగి, చివరికి పడవెక్కి ఆవలి ఒడ్డుకు చేరినవాళ్ళే. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళుంటే అడగండి, చెబుతారు.

లాంచీ ముందు భాగంలో ఒకడు గడ పట్టుకుని నిలబడతాడు. అడుగడుగునా గడ నీళ్ళలో గుచ్చి లోతు కేకేస్తాడు. వెనక చుక్కాని దగ్గర సరంగు ఆ కేక విని తిప్పుతాడు. వరద వచ్చి వెళ్ళిన ప్రతిసారీ ఇసుక మేటలు చోటు మారతాయి కాబట్టి, పోయినేడు నడిచిన దారి ఈ ఏడు ఉంటుందన్న నమ్మకం లేదు. అక్టోబరు నుంచి మార్చి దాకా నది ఎక్కడ ఎంత తగ్గిందో జానెడు తేడాతో చెప్పగల మనుషులు వాళ్ళు. ఇప్పుడా పని నీటిమట్టం కొలిచే గేజీ స్టేషన్లు చేస్తున్నాయి. అంకె పంపుతాయి. అంకె తగ్గితే గేజీ స్టేషనుకు కిరాయి పోదు, కాబట్టి అది ఎవరితోనూ పోట్లాడదు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగింది మీకు గుర్తుండే ఉంటుంది. వరదలో పాపికొండలు చూడబోయిన వాళ్ళు. అందులో మన హైదరాబాదు వాళ్ళు, వరంగల్ వాళ్ళు చాలామంది పోయారు. ఆ బోటు నెలకు పైగా నది అడుగున ఉండిపోయింది. చివరికి దాన్ని బయటికి లాగింది కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం, లంగర్లు వేసి, ఇనుప తాళ్ళతో. ఆ సుడిలో బోటు ఎటు జరిగి ఉంటుందో అంచనా వేయడానికి అక్కరకొచ్చింది పడవల మీద బతికినవాళ్ళ తెలివే. ఆ విషాదం గురించి ఇంతకన్నా మాట్లాడను, వాళ్ళ బంధువులు ఈ సభలో ఉన్నా ఉండొచ్చు.

ధవళేశ్వరం దిగువన డెల్టా కాలువలకు వద్దాం. కాలువ అంటే మనకు పొలాలకు నీళ్ళిచ్చేది. అక్కడ అది రోడ్డు కూడా. ఒకే కాలువతో రెండు పనులూ చేయించడం తేలిక కాదు. పొలానికి నీళ్ళు త్వరగా చేరాలంటే వాలు ఉండాలి. పడవ ఎదురెక్కాలంటే వాలు ఉండకూడదు, నీళ్ళు దాదాపు నిలిచినట్టు ఉండాలి. ఈ చిక్కు విప్పింది లాకు. కాలువను చదునైన ముక్కలుగా తవ్వి, ముక్కకూ ముక్కకూ మధ్య మెట్టు పెట్టి, ఆ మెట్టు దగ్గర లాకు కట్టారు.

లాకు చూడనివాళ్ళ కోసం చెబుతాను. రాతి గోడల మధ్య ఒక తొట్టి, రెండు చివర్లా జోడు తలుపులు. తలుపులు మూసినప్పుడు నీళ్ళు వచ్చే వైపు కోణం తిరిగి ఉంటాయి, నీళ్ళు నెట్టేకొద్దీ ఇంకా బిగుసుకుంటాయి. దిగువ నుంచి పడవ వచ్చిందనుకోండి. కింది తలుపులు తీస్తారు, పడవ తొట్టిలోకి వస్తుంది, వెనక తలుపులు మూస్తారు. లాకు దగ్గర కాపలా ఉండే లస్కరు పై తలుపుల్లో ఉన్న చిన్న షట్టర్లు ఎత్తుతాడు. నీళ్ళు బుసబుసమని లోపలికి వస్తాయి. పడవ కదలకుండా తాడు పట్టుకుని ఒకడు గట్టు మీద నిలబడతాడు, నీళ్ళు పెరిగేకొద్దీ తాడు వదులు చేసుకుంటూ. బయటి మట్టమూ లోపలి మట్టమూ సమానమయ్యేసరికి, అప్పటిదాకా పదిమంది నెట్టినా కదలని తలుపు ఇద్దరు తోస్తే తెరుచుకుంటుంది. మోటారు లేదు, ఇంజిను లేదు. బస్తాలతో నిండిన పడవ మెట్టెక్కి వెళ్ళిపోతుంది. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడమే. లాగేవాళ్ళ కష్టం కష్టమే, దాన్ని అందంగా చెప్పడం నాకిష్టం లేదు. భుజాలు కాయలు కాచేవి.

అలా కాకినాడ కాలువ, ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువ ఒకదానికొకటి కలిపితే కాకినాడలో ఎక్కిన సరుకు నీళ్ళ మీదే మద్రాసు చేరేది. మద్రాసు వాళ్ళు మన కోస్తా నుంచి వెళ్ళిన కట్టెలతో వంట చేసుకున్నారు, మన బియ్యం తిన్నారు.

మరి ఇవన్నీ ఎప్పుడు పోయాయి? రైలు వచ్చినప్పుడే పోలేదు. రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన 1900లో వచ్చింది, ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు కాలువల్లో పడవలు నడిచాయి. లారీలు, తారు రోడ్లు వచ్చాక తగ్గాయి. 1965, 66 తుపానులు బకింగ్‌హామ్ కాలువ నడ్డి విరిచాయి. కానీ నన్నడిగితే పడవలు పోయిన కాలాన్ని కాలువ మీది వంతెనలు చెబుతాయి. డెల్టాలో ప్రయాణం చేసేటప్పుడు గమనించండి. పాత వంతెన ఒంటె మూపులా ఎత్తుగా లేచి దిగుతుంది, కింద నుంచి తెరచాప దించుకుని పడవ పోవాలి కాబట్టి. కొత్త వంతెన రోడ్డుతో సమానంగా, నీళ్ళకు తగిలీ తగలనట్టు ఉంటుంది. దాని డ్రాయింగు గీసిన రోజున ఆ ఇంజినీరు ఇక పడవ రాదని తేల్చేసుకున్నాడన్నమాట. ఎవరూ సభ పెట్టి తీర్మానించలేదు, జీవో ఇవ్వలేదు. వంతెన ఎత్తు తగ్గించారు, అంతే.

పడవలు పోవడం వల్ల నదికి ఏమైందంటే, సాక్షి లేకుండా పోయాడు. ఎగువన జైక్వాడి కట్టారు, పోచంపాడు కట్టారు, ఇంకా ఎన్నో కట్టారు. ప్రతిదానికీ కారణం ఉంది, అవసరం ఉంది. నేను ఆనకట్టలకు వ్యతిరేకిని కాను, కాటన్ పేరు చెప్పి ఆనకట్టలను తిడితే నాలుక్కు సిగ్గుండాలి. కానీ ప్రతి కేటాయింపులోనూ సాగుకు ఇన్ని టీఎంసీలు, తాగడానికి ఇన్ని, పరిశ్రమకు ఇన్ని అని రాస్తారు. నదికి ఎన్ని? ఆ మాటకు గట్టిగా పట్టుబట్టే పార్టీ లేదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగుల ఎత్తున, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారిన నది ఇది. అదే నది మీద ఆధారపడ్డ డెల్టాలో రబీ పంటకు నీళ్ళు తక్కువైతే సీలేరు జలవిద్యుత్తు కేంద్రాల నుంచి వదిలే నీళ్ళ కోసం ఎదురుచూస్తారు. శబరి మీదుగా అవి దిగొస్తేనే పంట గట్టెక్కుతుంది.

దీనికి తిరగేసిన కథ ఒకటుంది, కలకత్తా. అక్కడ పడవ బతికి ఉంది కాబట్టి నదికి నీళ్ళు దొరికాయి. కలకత్తా రేవు సముద్రపు ఒడ్డున లేదు, హుగ్లీ నదిలో చాలా లోపలికి ఉంది. గంగ అసలు ప్రవాహం క్రమంగా తూర్పుకు, పద్మ వైపుకు మళ్ళిపోయి, హుగ్లీలోకి ఎండాకాలం వచ్చే నీళ్ళు తగ్గిపోయాయి. సముద్రపు పోటు మట్టిని పైకి తోస్తుంది, దాన్ని వెనక్కి నెట్టే నీళ్ళు పైనుంచి రావు. రేవు పూడుతుంది. ఓడ రాకపోతే కలకత్తా లేదు. ఆ నగరం తన రేవు కోసం ఢిల్లీ దాకా పట్టుబట్టింది. ఫరక్కా దగ్గర గంగకు అడ్డంగా రెండు కిలోమీటర్ల పైచిలుకు బ్యారేజీ కట్టి, 38 కిలోమీటర్ల కాలువ తవ్వి, 40 వేల క్యూసెక్కులు హుగ్లీలోకి మళ్ళించారు. 1975లో అది మొదలైంది. ఆ నీళ్ళు పొలానికి కాదు, కుళాయికి కాదు, నదిలో పారి సముద్రంలో కలవడానికే. మన దగ్గర ఎవరైనా ఈ మాట అంటే "సముద్రంలోకి వృథాగా పోతున్నాయి" అని పేపర్లో హెడ్డింగు పెడతారు.

ఫరక్కా పూర్తిగా మంచి కథ అనడం లేదు. ఆ నీళ్ళు బంగ్లాదేశ్ వాటా నుంచి వచ్చినవి. 1976లో అక్కడి వృద్ధ నాయకుడు మౌలానా భాషానీ అంత వయసులో వేలమందిని వెంటబెట్టుకుని ఫరక్కా వైపు పాదయాత్ర చేశాడు. 1996 డిసెంబరులో రెండు దేశాలు ముప్ఫై ఏళ్ళ ఒప్పందం చేసుకున్నాయి. ఇంత చేసినా హుగ్లీలో తవ్వకం ఆగలేదు, పెద్ద ఓడల కోసం కిందికి వెళ్ళి హల్దియాలో ఇంకో రేవు కట్టుకున్నారు. అయినా నేను గమనించిన సంగతి ఒకటే. ఒక నగరం తన ఊళ్ళో పారే నదిలో నీళ్ళుండాలని అంతర్జాతీయ తగాదా పెట్టుకుంది. హైదరాబాదు ఏ నది కోసమూ అలా పోట్లాడలేదు. ఎందుకంటే మనకు నది కనిపించదు. పైపు కనిపిస్తుంది.

మన కుళాయి లెక్క చెబుతాను. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేల ప్రాణాలు తీశాక, విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఒకటి 1920, రెండోది 1927. అవి వరదనూ ఆపాయి, దాహమూ తీర్చాయి. ఊరు పెరిగింది. 1965లో మంజీరకు వెళ్ళాం, తర్వాత సింగూరు. మంజీర గోదావరి ఉపనదే. 2004 నుంచి మూడు విడతల్లో కృష్ణ, నాగార్జునసాగర్ నుంచి. విడతకు 90 ఎంజీడీ, అంటే రోజుకు 90 మిలియన్ గ్యాలన్లు, మొత్తం 270. లీటర్లలో రోజుకు 120 కోట్ల పైన. 2015 చివర్లో ఎల్లంపల్లి నుంచి గోదావరి, ఏడాదికి 10 టీఎంసీలు, రోజుకు 172 ఎంజీడీ. అది 78 కోట్ల లీటర్లు. ఎల్లంపల్లిలో నీటి మట్టం నిండుగా ఉన్నప్పుడు 148 మీటర్లు. మనం ఐదువందల పైన. ముర్మూరు దగ్గర పంపు చేసి, బొమ్మకల్, మల్లారం, కొండపాక, ఘన్‌పూర్ మీదుగా ఎత్తుకుంటూ తెస్తారు. మీరు ఉదయం పళ్ళు తోముకునే నీళ్ళు గుట్టలెక్కి వచ్చినవి.

ఇంజినీరింగు పరంగా ఇది గొప్ప పని, ఒప్పుకుంటాను. ట్యాంకర్ల కోసం రాత్రిళ్ళు మేలుకున్న రోజులు ఈ సభలో చాలామందికి తెలుసు, ఆ టెన్షన్ మళ్ళీ రావాలని నేను కోరను. కానీ ఒక నది మీద ఇంతగా ఆధారపడిన నగరంలో, ఆ నదిలో ఈ రోజు ఎంత నీళ్ళున్నాయో ఎంతమంది చెప్పగలరు? రాజమండ్రిలో రేవు దగ్గర టీ కొట్టువాడు చెబుతాడు. మనకు "రేపు నీళ్ళు బంద్" అని మెసేజ్ వస్తే తప్ప నది సంగతి తెలీదు. అది కూడా వాల్వు రిపేరు గురించి.

ఇక వదిలే నీళ్ళు. మనం తెచ్చుకున్నదంతా చివరికి మూసీలోనే పడుతుంది. కొంత శుద్ధయి, కొంత కాకుండా. మూసీ నల్గొండ జిల్లాలో వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 2008లో కేంద్రం నాలుగో జాతీయ జలమార్గం ప్రకటించింది. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలు, గోదావరి మీద భద్రాచలం నుంచి రాజమండ్రికి 171 కిలోమీటర్లు, కృష్ణ మీద వజీరాబాద్ నుంచి విజయవాడకు 157 కిలోమీటర్లు. అన్నీ కలిపి 1,078. వజీరాబాద్ అంటే ఎక్కడనుకున్నారు? ఆ వాడపల్లే. (నవ్వులు) దేశం గీసుకున్న జలమార్గం మొదలయ్యే చోటికి హైదరాబాదు పంపే కానుక ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. నవ్వండి, కానీ కింద ఉన్నవాళ్ళకు అది నవ్వులాట కాదు.

ఇంకో విచిత్రం వినండి. 2025 సెప్టెంబరులో గోదావరి తాగునీటి పథకం రెండో, మూడో దశలకు గండిపేట దగ్గర శంకుస్థాపన జరిగింది. మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీలు. అందులో 17.5 తాగడానికి, 2.5 మూసీకి ప్రాణం పోయడానికి. ఆ 2.5 ముందు నాకు మనసు కాసేపు ఆగింది. మొదటిసారి ఈ నగరం నదికి అని ఒక అంకె రాసింది. సంతోషం. కానీ ఆ అంకె మూసీకి. ఆ నీళ్ళు తీసుకునే గోదావరిలో, తీసుకున్న చోట దిగువన, ఏప్రిల్లో ఎంత వదలాలో కూడా అదే కాగితం మీద రాయమని అడగాల్సింది మనమే. తాగేవాళ్ళం మనమే కాబట్టి.

నా మాట ఇక్కడికి ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

(ముందు వరుసలోంచి ఒక యువతి: "సార్, మూసీలో బోట్లు తిరుగుతాయని అంటున్నారు. తిరుగుతాయా?")

తిరగొచ్చమ్మా. అడ్డంగా చెక్‌డ్యాములు కట్టి నీళ్ళు నిలబెడితే ఏ ఏటిలోనైనా బోటు తిరుగుతుంది. అది చెరువులో బోటు షికారు. సాయంత్రం పూట బాగుంటుంది, నేనూ ఎక్కుతాను. ముందు మురుగు ఆగాలి, లేకపోతే ముక్కు మూసుకుని ఎక్కాలి. దాన్ని జలరవాణా అనొద్దని మాత్రం మనవి.

(వెనక నుంచి ఒక పెద్దాయన: "మాది అమలాపురం పక్కన. మా చిన్నప్పుడు కాలువలో కొబ్బరికాయల పడవలు వెళ్ళేవి. మళ్ళీ వచ్చే ఆశ ఉందంటారా?")

అయ్యా, మీకు నాకన్నా ఎక్కువ తెలుసు. సిమెంటు, బొగ్గు, ఎరువులు, ధాన్యం లాంటి బరువైన, తొందర లేని సరుకుకు నీటి దారి చౌకే, డీజిలు తక్కువ తాగుతుంది. అయితే రెండువైపులా సరుకు ఉండాలి, ఖాళీ పడవ తిరిగొస్తే గిట్టదు. వేసవిలో కాలువ కట్టేస్తే ఆ నెలలు ఏం చేస్తారో చూసుకోవాలి. కృష్ణలో ముక్త్యాల నుంచి విజయవాడ దాకా 82 కిలోమీటర్లు 2017లో మొదలుపెట్టారు, నదిలో కాబట్టి అది కొంత సులువు. పోలవరం డిజైనులో కూడా పడవలు దాటడానికి ఎడమ పక్కన ఏర్పాటు ఉంది. మీ కాలువల దగ్గర మాత్రం చిక్కు ఆ వంతెనలతోనే, ఇందాక చెప్పానే. పాత లాకులు బాగుచేయవచ్చు, మేస్త్రీలున్నారు. వంతెనలు ఎత్తాలంటే ఒక్కొక్కటీ పడగొట్టి కట్టాలి. మీరు ఊరెళ్ళినప్పుడు మీ కాలువ మీద ఎన్ని ఉన్నాయో, నీటి మట్టానికి ఎంత ఎత్తులో ఉన్నాయో కొలిపించి నాకు పంపండి. నా దగ్గర తూర్పు డెల్టా లెక్క కొంత ఉంది, మీ కోనసీమ వైపుది లేదు.